ఆరో వేలు, అతికిన వేళ్లు, లేని బొటనవేలు: తేడా ఎక్కడ మొదలవుతుంది?

ప్రసూతి వార్డులో బిడ్డను ఒళ్లోకి తీసుకున్న అమ్మమ్మ చేసే మొదటి పని, గుడ్డ కాస్త పక్కకు తీసి వేళ్లు లెక్కపెట్టడం. చేతులకు పది, కాళ్లకు పది సరిపోతే హమ్మయ్య అనుకుంటుంది. చిటికెన వేలి పక్కన చింతగింజంత వేలు ఇంకోటి, సన్నటి చర్మపు కాడకు వేలాడుతూ, దానికో బుల్లి గోరుతో సహా కనిపించిందనుకోండి, ఇక ఇంట్లో మాటలు మారిపోతాయి. "గ్రహణం రోజు బయటికి వెళ్లావా?" అని ఒకరు. "ఆరు వేళ్లు అదృష్టం, తీయించకండి" అని ఇంకొకరు. "మేనరికం చేసుకుంటే ఇంతే" అని పక్కింటావిడ. "మా వైపు ఎవరికీ లేదు" అని అత్తగారు. ఈ మాటలన్నీ వింటూ బాలింత మంచం మీద పడుకుని, ఎక్కడ పొరపాటు చేశానా అని తొమ్మిది నెలలూ గుర్తు చేసుకుంటూ ఉంటుంది.

గ్రహణం వచ్చిన ప్రతిసారీ గర్భిణులను భయపెట్టే మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. పై పెదవి చీలికకు మన భాషలో గ్రహణం మొర్రి అనే పేరే స్థిరపడిపోయింది. అందుకే అసలు వేళ్లు ఎలా తయారవుతాయి, ఎక్కడ దారి తప్పుతాయి, అందులో జన్యువుల పాత్ర ఎంత అన్నది మొదటి నుంచి చూద్దాం.

## ఏ తేడాను ఏమంటారు

వేళ్లు ఎక్కువగా ఉండటాన్ని డాక్టర్లు పాలీడాక్టిలీ అంటారు. అదనపు వేలు చిటికెన వేలి వైపు ఉందా, బొటనవేలి వైపు ఉందా, మధ్యలో ఉందా అన్నది ముఖ్యం. మూడింటి వెనుకా కారణాలు వేరుగా ఉండొచ్చు. రెండు వేళ్లు అతుక్కుని ఉంటే సిండాక్టిలీ. అతుకు చర్మం వరకే ఉండొచ్చు, ఎముకలు కూడా కలిసిపోయి ఉండొచ్చు. కణుపులు పొట్టిగా ఉండటమో, ఒక కణుపు లేకపోవడమో బ్రాకీడాక్టిలీ. అరచేతి మధ్యలో లోతైన చీలిక ఉండి మధ్య వేళ్లు లేకపోతే స్ప్లిట్ హ్యాండ్. బొటనవేలు, దాని వైపు ముంజేతి ఎముక సరిగా ఎదగకపోతే దాన్ని రేడియల్ లోపం అంటారు.

లోపం అనే మాట అందరికీ నచ్చదు. పశ్చిమ బెంగాల్‌కు చెందిన స్వప్నా బర్మన్‌కు రెండు పాదాలకూ ఆరేసి వేళ్లు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో, ఏడు అంశాలు కలిసిన హెప్టాథ్లాన్ పోటీలో ఆమె స్వర్ణం గెలిచింది. ఆమెను బాధపెట్టింది ఐదు వేళ్ల పాదానికి కుట్టిన బూట్లు. కాబట్టి ఈ వ్యాసంలో వీలైనంత వరకు తేడా అనే అంటాను. లోపం అనక తప్పని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ అలాగే అంటాను.

## నాలుగు వారాల్లో తయారయ్యే చేయి

ఫలదీకరణ జరిగిన నాలుగో వారం చివర్లో పిండం పక్కల నుంచి చిన్న మొగ్గలు పొడుచుకొస్తాయి. ముందు చేతులవి, ఒకటి రెండు రోజుల తర్వాత కాళ్లవి. మొగ్గ పొడవై, కొస చదునై తెడ్డులా మారుతుంది. ఆ తెడ్డులో వేళ్ల గీతలు తేలతాయి. గీతల మధ్య ఉన్న కణాలు చచ్చిపోతాయి, సందులు పడతాయి. ఎనిమిదో వారం పూర్తయ్యేసరికి వేళ్లు విడివడతాయి. గ్రహణం మాటకు జవాబు ఇక్కడే ఉంది. ఏడో నెల గర్భిణి ఆకాశంలోకి చూసినా, కూరగాయలు కోసినా బిడ్డ వేళ్ల లెక్క మారే వీలు లేదు. ఆ లెక్క ఎప్పుడో రెండో నెలలోనే తేలిపోయింది, చాలాసార్లు తల్లికి తాను గర్భవతినని తెలిసిన కొద్ది వారాలకే.

కణాలు చావడమేంటి అనిపిస్తుంది కానీ, చేయి చేయిగా మారడానికి అది తప్పనిసరి. కోడికాలు, బాతుకాలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ తెడ్డులాగే మొదలవుతాయి. కోడికి వేళ్ల మధ్య పొర కరిగిపోతుంది. బాతులో గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ ఆ చావు సంకేతాన్ని అడ్డుకుంటుంది, పొర అలాగే మిగులుతుంది. మనిషిలో అతుకు వేళ్లు కొంతవరకు ఇలాంటివే. పొర కరగాల్సిన చోట పూర్తిగా కరగలేదు.

మరి ఎటువైపు బొటనవేలు, ఎటువైపు చిటికెన వేలు అని మొగ్గకు ఎవరు చెబుతారు? 1968లో జాన్ సాండర్స్, మేరీ గాసెలింగ్ కోడి పిండం రెక్క మొగ్గలో చిటికెన వేలి వైపు అంచు నుంచి కొద్దిగా కణజాలం తీసి అవతలి అంచుకు అతికించారు. రెక్కలో వేళ్లు అద్దంలో ప్రతిబింబంలా రెండింతలయ్యాయి. ఆ మూల నుంచి ఏదో సంకేతం వెలువడుతోందని అర్థమైంది. ఆ సంకేతం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ అని 1993లో తేలింది. వీడియో గేమ్ పాత్ర పేరు పెట్టారు, అదే స్థిరపడింది. చిటికెన వేలి వైపు ఈ ప్రొటీన్ దట్టంగా ఉంటుంది, బొటనవేలి వైపు వెళ్లేకొద్దీ పలచబడుతుంది. బొటనవేలికి ఇది దాదాపు అక్కర్లేదు.

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య ఒక పాత చర్చ ఉంది. సంకేతం ఎంత మోతాదులో అందిందో దాన్ని బట్టి ప్రతి కణం తాను ఏ వేలిలో భాగమో నిర్ణయించుకుంటుందని లూయిస్ వోల్‌పర్ట్ 1969లో ప్రతిపాదించారు. రెండో వాదనకు మూలం గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఆలోచన. జీబ్రా మీద చారలు పడ్డట్టుగా, ఒకదాన్నొకటి పెంచుతూ తుంచుతూ ఉండే రసాయనాల వల్ల వేలు, సందు, వేలు, సందు అని చారలు వాటంతటవే ఏర్పడతాయంటుంది అది. 2012 నుంచి ఎలుకల్లో జరిగిన ప్రయోగాలు ఈ రెండో వాదనకు బలమిచ్చాయి. శరీరంలో ఏ భాగం ఎక్కడ ఎలా ఏర్పడాలో నిర్దేశించే హాక్స్ జన్యువుల్లో కొన్నిటిని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతే వేళ్లు సన్నబడి, సంఖ్య పెరుగుతూ పోయింది. చార సన్నబడితే అదే జాగాలో ఎక్కువ చారలు పడతాయి కదా. నాకు ఈ రెండూ పోటీ పడేవిగా కనిపించవు. చారలు ఎన్ని పడాలో ఒక పద్ధతి చూసుకుంటే, ఏ చార ఏ వేలవ్వాలో రెండోది చూసుకుంటుందనే వివరణకే ఆధారాలు ఎక్కువ. ఐదు అన్న అంకె ఏ ఒక్క జన్యువులోనూ రాసిలేదు. దాదాపు 36 కోట్ల ఏళ్ల కిందటి తొలి నాలుగు కాళ్ల జంతువుల్లో అకాంతోస్టెగాకు ఎనిమిదేసి వేళ్లుండేవి.

## జన్యువు బాగానే ఉండి స్విచ్ చెడితే

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇది. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు మనిషిలో ఏడో క్రోమోజోమ్ మీద ఉంది. మెదడు ఎదగడానికీ, వెన్నుపాముకూ అదే కావాలి. దాన్ని చేతి మొగ్గలో మాత్రమే, ఆ మూలలో మాత్రమే వెలిగించే స్విచ్ ఒకటి ఉంది. దాని పేరు జెడ్‌ఆర్‌ఎస్. సుమారు 800 డీఎన్‌ఏ అక్షరాల ముక్క. జన్యువుకు పక్కనే ఉంటుందనుకుంటాం కానీ, దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, సంబంధం లేని ఇంకో జన్యువు మధ్యలో దాక్కుని ఉంటుంది. ఇంటి వరండా బల్బుకు స్విచ్ వీధి చివర వేరేవాళ్ల గోడలో ఉన్నట్టు.

ఈ స్విచ్‌లో ఒక్క అక్షరం మారితే చాలు, బొటనవేలి వైపు కూడా సంకేతం వెలిగిపోవచ్చు. ఫలితంగా రెండు బొటనవేళ్లు, లేదా రెండు కణుపులకు బదులు మూడు కణుపులున్న బొటనవేలు. జన్యువు రాసే ప్రొటీన్‌లో మాత్రం ఏ తప్పూ ఉండదు కాబట్టి మెదడు, గుండె మామూలుగానే ఉంటాయి. అమెరికాలోని కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే ఇంట్లో తిరిగే ఆరు వేళ్ల పిల్లులకు కూడా ఇదే స్విచ్‌లో ఒక్క అక్షరం మార్పు ఉంది.

అందుకే ఒక చిక్కు. ఇప్పుడు ఎక్కువగా చేసే ఎక్సోమ్ పరీక్ష జన్యువుల్లో ప్రొటీన్ రాసే భాగాలనే ప్రధానంగా చదువుతుంది. అంటే మొత్తం డీఎన్‌ఏలో రెండు శాతం లోపే. స్విచ్‌లు ఆ భాగంలో ఉండవు. రిపోర్టులో ఏమీ దొరకలేదు అని వస్తే జన్యు కారణం లేదని అర్థం కాదు, వెతికిన చోట లేదని అర్థం.

## ఒకే జన్యువు, వేర్వేరు చేతులు

సోనిక్ హెడ్జ్‌హాగ్ చెప్పే మాటను కణం లోపల వినేవాటిలో జీఎల్‌ఐ3 ఒకటి. ఈ జన్యువులో మార్పు ఒక చోట పడితే గ్రీగ్ సిండ్రోమ్ వస్తుంది: వెడల్పు నుదురు, కళ్ల మధ్య ఎడం, అదనపు వేళ్లు, అతుకులు. అదే జన్యువులో మధ్య భాగంలో పడితే పాలిస్టర్-హాల్ సిండ్రోమ్: మెదడు అడుగున హైపోథలామస్‌లో చిన్న గడ్డ, చేతి మధ్యలో అదనపు వేలు. కొన్ని కుటుంబాల్లో ఇదే జన్యువు ఆరో వేలు తప్ప ఇంకేమీ చేయదు.

హాక్స్‌డీ13 జన్యువుది ఇంకో రకం. అది తయారుచేసే ప్రొటీన్‌లో అలనిన్ అనే అమైనో ఆమ్లం వరుసగా 15 సార్లు వస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఆ వరుస పొడవై 22, 24, ఒక్కోసారి 29 దాకా వెళ్తుంది. అప్పుడు మధ్య వేలు, ఉంగరపు వేలు అతుక్కుని, ఆ అతుకు లోపల ఒక అదనపు వేలు ఇరుక్కుని ఉంటుంది. వరుస పొడవు పెరిగేకొద్దీ తేడా కూడా ఎక్కువగా ఉంటుంది. 1996లో ఈ సంగతి బయటపడింది.

పొట్టి వేళ్లది వేరే ప్రాముఖ్యం. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసిన సూత్రం మనుషుల్లోనూ పనిచేస్తుందని ఒక వంశంలో చూపించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. విలియం ఫరాబీ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక కుటుంబం వేళ్లను తరతరాలుగా నమోదు చేసి 1905లో ప్రచురించారు. ఆ రకానికి కారణమైన జన్యువును 2001లో చైనా కుటుంబాల్లో గుర్తించారు.

## "మా వైపు ఎవరికీ లేదు" అన్న మాటకు లెక్క

విడిగా, వేరే సమస్యలేమీ లేకుండా కుటుంబాల్లో వచ్చే ఆరో వేలు చాలాసార్లు డామినెంట్ పద్ధతిలో వస్తుంది. ప్రతి జన్యువుకూ మనలో రెండు కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. డామినెంట్ అంటే వాటిలో మారిన కాపీ ఒక్కటి వచ్చినా చాలు. అలాంటి తల్లికి లేదా తండ్రికి పుట్టే ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం సగం. అయితే కాపీ వచ్చిన ప్రతివారికీ వేలు రాదు. మారిన కాపీ ఉన్నవారిలో ఎందరిలో అది బయటికి కనిపిస్తుందో దాన్ని పెనిట్రెన్స్ అంటారు.

లెక్క సులువు కోసం పెనిట్రెన్స్ 80 శాతం అనుకుందాం. ఆరు వేళ్లున్న తండ్రుల పిల్లలు 100 మందిని వరుసలో నిలబెట్టండి. 50 మందికి మారిన కాపీ వచ్చింది. వాళ్లలో 40 మందికి ఆరో వేలుంది, 10 మందికి లేదు. మిగతా 50 మందికి కాపీయే రాలేదు. ఇప్పుడు ఐదు వేళ్లున్న 60 మందిలో ఒకరిని పిలిచి, నీ దగ్గర ఆ కాపీ ఉందా అని అడిగితే? 60లో 10, అంటే ఆరింట ఒక వంతు అవకాశం ఉంది. అతనికి పుట్టే బిడ్డకు కాపీ చేరే అవకాశం పన్నెండింట ఒక వంతు. అందులో 80 శాతం లెక్కన వేలు కనిపించే అవకాశం పదిహేనింట ఒక వంతు. తాతకు ఉండి, తండ్రికి లేక, మనవడికి రావడం ఇలాగే. మధ్య తరంలో ఆగిపోయిందనుకున్నది ఆగలేదు, కనబడలేదంతే.

ఒకే ఇంట్లో అన్నకు రెండు చేతులకూ పూర్తి ఎముక ఉన్న వేలు, చెల్లికి ఒక చేతికి గింజంత బుడిపె ఉండొచ్చు. అదే కాపీ, అదే ఇల్లు.

తల్లిదండ్రులిద్దరిలోనూ లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పు కూడా ఉంటుంది. ఏపర్ట్ సిండ్రోమ్‌లో చేతి వేళ్లన్నీ ఒకే గ్లౌజులో దూర్చినట్టు అతుక్కుని, పుర్రె అతుకులు ముందే మూసుకుపోతాయి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో రెండు ప్రత్యేకమైన మార్పులే దాదాపు అన్ని కేసులకూ కారణం. ఆ మార్పు దాదాపు ఎప్పుడూ తండ్రి వీర్యకణంలో కొత్తగా వస్తుంది, తండ్రి వయసు పెరిగేకొద్దీ అవకాశమూ పెరుగుతుంది. వేళ్ల లెక్క తప్పగానే ముందు కోడలి వైపు చూసే మనం ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

## మేనరికం ఎప్పుడు కారణం, ఎప్పుడు కాదు

పైన చెప్పిన డామినెంట్ రకాలకు మేనరికంతో పనిలేదు. పరాయి సంబంధం చేసుకున్నా ఆ సగం అవకాశం సగంగానే ఉంటుంది. రిసెసివ్ రకాలది వేరే దారి. అక్కడ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు మారిన కాపీలు వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవారు ఆరోగ్యంగా ఉంటారు, వాళ్లు క్యారియర్లు.

ఒక జబ్బుకు వందలో ఒకరు క్యారియర్ అనుకుందాం. బంధుత్వం లేని దంపతుల్లో ఇద్దరూ క్యారియర్లయి, బిడ్డకు రెండు కాపీలూ చేరే అవకాశం: వందింట ఒకటి, మళ్లీ వందింట ఒకటి, అందులో నాలుగింట ఒకటి. అంటే 40,000లో ఒకటి. బావామరదళ్లు పెళ్లి చేసుకుంటే, ఒకరి దగ్గరున్న కాపీ రెండోవారికీ తాతల నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అప్పుడు లెక్క 3,200లో ఒకటి. మేనమామ, మేనకోడలు అయితే ఆ అవకాశం నాలుగింట ఒకటి, లెక్క 1,600లో ఒకటి. మొదటి దానితో పోలిస్తే ఇది 25 రెట్లు ఎక్కువ. అయినా 1,600లో 1,599 మందికి ఆ జబ్బు రాదు. రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే భయమో, నిర్లక్ష్యమో మిగులుతుంది.

వేళ్లతో ముడిపడ్డ రిసెసివ్ జబ్బుల్లో బార్డెట్-బీడిల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. పుట్టినప్పుడు చిటికెన వేలి పక్కన అదనపు వేలు. తీయించేస్తారు, ఇంట్లో అంతా మర్చిపోతారు. రెండు మూడేళ్లకల్లా బరువు పెరుగుతుంది, బొద్దుగా ఉన్నాడని ముద్దు చేస్తారు. ఏడెనిమిదేళ్లకు సాయంత్రం అయ్యేసరికి గుమ్మం తగిలి పడుతుంటాడు, చూసి నడవమని కసురుతారు. అది రేచీకటి, రెటీనా దెబ్బతినడం మొదలైంది. మూత్రపిండాలు కూడా దెబ్బతినొచ్చు. కళ్ల డాక్టరు దగ్గర, పిల్లాడికి పుట్టినప్పుడు ఆరు వేళ్లుండేవని ఎవరైనా నోరు తెరిచి చెబితే ముక్కలన్నీ ఒకచోట కలుస్తాయి.

## జన్యువు ప్రమేయం లేని తేడాలు

కొన్నిసార్లు ఉమ్మనీటి సంచి పొర చిరిగి, దారాల్లాంటి పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి. ఉంగరం బిగిసినట్టు నొక్కు పడుతుంది, వేలు కొసలు తెగిపోతాయి, కొసల దగ్గర అతుక్కుని మొదట్లో సందు మిగిలి ఉంటుంది. జన్యువుల వల్ల వచ్చే అతుకు మామూలుగా మొదటి నుంచే ఉంటుంది కాబట్టి ఈ చిన్న సందు పెద్ద ఆనవాలు. ఇది తర్వాతి కాన్పులో మళ్లీ రావడం చాలా అరుదు.

మందుల సంగతి నిద్రకు, వేవిళ్లకు వాడిన థాలిడోమైడ్ అనే మాత్ర నేర్పింది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961 చివర్లో వెనక్కి తీసుకునే లోపు దాదాపు 10,000 మంది పిల్లల చేతులు, కాళ్లు, లోపలి అవయవాలను దెబ్బతీసింది. ఈ మందు పిండంలో శాల్4 అనే ప్రొటీన్‌ను నాశనం చేస్తుందని 2018లో తెలిసింది. ఆ శాల్4 జన్యువే పుట్టుకతో మారితే కూడా బొటనవేలు, ముంజేయి దాదాపు అలాగే దెబ్బతింటాయి. థాలిడోమైడ్ బాధితులుగా నమోదైన కొందరిలో నిజానికి ఉన్నది ఈ జన్యుమార్పేనని తర్వాత బయటపడింది. చూపుకు ఒకటే చేయి, కానీ ఒకరిది మాత్రతో ఆగిపోయేది, ఇంకొకరిది పిల్లలకు సగం అవకాశంతో వెళ్లేది.

## చిన్న వేలు పెద్ద సంగతి చెప్పేటప్పుడు

అదనంగా ఉన్న వేలికన్నా లేని వేలు, ముఖ్యంగా లేని బొటనవేలు, డాక్టర్లను ఎక్కువ కలవరపెడుతుంది. దానితో పాటు గుండెలో రంధ్రం ఉంటే హోల్ట్-ఓరమ్ సిండ్రోమ్ కావచ్చు, దానికి కారణం టీబీఎక్స్5 జన్యువు. చర్మం మీద కాఫీ రంగు మచ్చలు, ఎదుగుదల తక్కువ ఉంటే ఫాంకోనీ ఎనీమియా కావచ్చు. అందులో కొన్నేళ్లకు ఎముక మజ్జ రక్తం తయారు చేయడం తగ్గించేస్తుంది. ముంజేతిలో రేడియస్ ఎముక లేకపోయినా బొటనవేలు ఉండి, ప్లేట్‌లెట్లు తగ్గితే అది టార్ సిండ్రోమ్ అనే వేరే జబ్బు. బొటనవేలు ఉందా లేదా అన్న ఒక్క గమనింపు రెండింటినీ విడదీస్తుంది.

ఇంకా అరుదైనది ఒకటుంది. పుట్టుకతోనే రెండు కాళ్ల బొటనవేళ్లూ పొట్టిగా, లోపలికి వంగి ఉంటాయి. బూటు తొడిగేటప్పుడు తప్ప ఎవరూ పట్టించుకోరు. కొన్నేళ్ల తర్వాత వీపు మీద వాపులు వస్తాయి, అవి ఎముకలుగా గట్టిపడతాయి. ఎఫ్‌ఓపీ అంటారు దీన్ని. ఏసీవీఆర్1 జన్యువు కారణమని 2006లో కనుక్కున్నారు. ఈ జబ్బులో గడ్డను కోసి పరీక్షకు పంపడం, కండలోకి ఇంజెక్షన్ ఇవ్వడం కూడా కొత్త ఎముకను పుట్టించగలవు. ఆ వంకర బొటనవేలిని పుట్టినరోజే గుర్తిస్తే ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

## అందరికీ జన్యుపరీక్ష కావాలా?

ఇక్కడ నిపుణులు రెండు వైపులా ఉన్నారు. చిటికెన వేలి పక్కన బుడిపె లాంటి వేలు, కుటుంబంలో ఇంకొందరికి ఉంది, బిడ్డ మిగతా అంతా బాగుంది అంటే పరీక్షతో ఒరిగేదేమీ లేదని ఒక వాదన. అర్థం తెలియని మార్పు ఏదో రిపోర్టులో కనిపించి, ఏళ్ల తరబడి టెన్షన్ మిగులుతుందని వాళ్ల ఆందోళన. బార్డెట్-బీడిల్ లాంటివి పుట్టినప్పుడు మామూలు ఆరో వేలిలాగే కనిపిస్తాయి కాబట్టి, ముందే తెలిస్తే కళ్లు, కిడ్నీలు గమనించుకోవచ్చని రెండో వాదన. గర్భంలోని బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో ఆరో వేలు కనిపించినప్పుడు ఈ చర్చ ఇంకా బరువెక్కుతుంది. వేలొక్కటే అయితే చాలావరకు కంగారు పడాల్సింది లేదు. గుండె, మెదడు, కిడ్నీల్లో కూడా తేడా కనిపిస్తే దాని అర్థమే వేరు. నా మట్టుకు నాకు మొదటి వాదన మామూలు బుడిపె వేలికి, రెండోది రక్తసంబంధీకుల పిల్లలకు సరిగ్గా సరిపోతాయనిపిస్తుంది.

పరీక్ష మాట వచ్చేలోపు జరిగేది ఇంకోటుంది. హైదరాబాద్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ జెనెటిక్స్ డాక్టరు తెల్లకాగితం మీద మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు గీస్తూ వంశవృక్షం రాసుకుంటారు. తర్వాత తల్లిదండ్రులను కూడా చేతులు టేబుల్ మీద పెట్టమంటారు, చెప్పులు విప్పమంటారు. కాలి రెండో, మూడో వేళ్ల మధ్య కాస్త పైకి ఉన్న అతుకును, అంతవరకు వాళ్లే గమనించనిదాన్ని, వెతుకుతారు. తండ్రి చిటికెన వేలి మొదట్లో, అరచేతి అంచున, గోటితో తడిమితే తగిలే చిన్న గట్టి బుడిపె కోసం చూస్తారు. ఒకప్పుడు పుట్టిన రెండో రోజునే మంత్రసాని బిగుతుగా దారం కట్టేది, వారంలో ఆ వేలు ఎండి రాలిపోయేది, ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తేవారు కాదు. ఆ బుడిపె దొరికితే కాగితం మీద తండ్రి చతురస్రానికి, ఆయనకూ ఆ తేడా ఉందన్న గుర్తుగా, నలుపు పడుతుంది. కొత్తగా వచ్చిందనుకున్న మార్పు పాతదవుతుంది. తర్వాతి కాన్పుకు చెప్పాల్సిన అవకాశం దాదాపు సున్నా నుంచి సగానికి దగ్గరగా మారుతుంది. ముప్పై ఏళ్ల వయసులో ఆ మనిషి ఇంటికి వెళ్లి, అమ్మా, నాకూ ఉండేదా, అని మొదటిసారి అడుగుతాడు.